గేదె కట్టని గుంజ

పోయిన కార్తీక మాసంలో, రేపల్లె అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో దేవదానం అనే మనిషి పోటు నీళ్ళలో చనిపోయాడు. ఆ ఊరి లూథరన్ చర్చిలో గంట కొట్టడం, ఆవరణ ఊడ్చి శుభ్రంగా ఉంచడం ఆయన పని. మిగతా రోజుల్లో పొలం పనికి వెళ్ళేవాడు. మా సంస్థ కాగితాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. "స్థానిక మనిషి" అని ఉంది. ఆ రెండు మాటలూ రాసింది నేనే.

ఉపగ్రహాల సాయంతో భూమి కదలికను కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఏదైనా రాయమని పాత సహోద్యోగులు అడుగుతూనే ఉన్నారు. రాయడానికి ఏముందని దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు రాయక తప్పదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు వల్లే దేవదానం పోయాడా అంటే కచ్చితంగా చెప్పలేను. కాదని మాత్రం ఎవరూ నాతో అనలేరు.

పని ఏమిటంటే

భూమి కదులుతుందని చెబితే మా అమ్మ నమ్మేది కాదు. "మరి మనకి తెలియదేం?" అనేది. మనమూ దానితోపాటే కదులుతున్నాం కాబట్టి తెలియదు. తెనాలి స్టేషనూ, బాపట్ల వీధులూ, కొల్లూరు లంకల్లో అరటితోటలూ అన్నీ కలిసి గోరు పెరిగేపాటి వేగంతో ఈశాన్యం వైపు పోతున్నాయి. అది అందరిదీ ఒకటే నడక. మాకు కావలసింది ఆ నడకలో తేడా. ఎవరు వెనకబడ్డారు, ఎవరు కిందికి దిగుతున్నారు అన్నది.

కృష్ణా డెల్టాలో కాళ్ళ కింద రాయి లేదు. నది తెచ్చి పోసిన ఒండ్రు ఉంది. ఒండ్రు తన బరువుకి తనే అణుగుతుంది. పైన కొత్త ఒండ్రు పడితే సరిపోతుంది, పడకపోతే నేల దిగుతుంది. ఎంత దిగుతోందో తెలిస్తే సముద్రం వైపు కరకట్ట ఎంత ఎత్తు ఉండాలో తెలుస్తుంది. మా పనికి ఉన్న ఉపయోగం అదే. మిగతాదంతా వ్యాసాలు రాసుకోవడానికి.

కొలిచే పద్ధతి సులభం. కదలకుండా ఒక గుర్తు పాతాలి. దాని మీద పళ్ళెంలాంటి యాంటెన్నా బిగించాలి. మూడు రోజులపాటు అది ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుంటుంది. మళ్ళీ సంవత్సరం అదే నెలలో వచ్చి, అదే గుర్తు మీద అదే పని చేయాలి. కాలవలకి నీళ్ళు వదిలినప్పుడు నేల ఒకలా, కట్టేసినప్పుడు ఒకలా ఉంటుంది కనుక నెల మారకూడదు. పక్కకి జరిగినది రెండు మూడేళ్ళకే తేలుతుంది. కిందికి దిగినది తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఓపిక కావాలి. ఓపిక అంటే ఊరికే కూర్చోవడం కాదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

బాపట్ల డాబా

మా పెద్దసారు గురించి చెప్పాలి. రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. పుస్తకాలు చదివినవాడు. కింది ఉద్యోగి మీద అరవడం నేను చూడలేదు. ఎగతాళి మాత్రం చేసేవాడు. అరుపు మర్చిపోతాం గాని ఎగతాళి మర్చిపోలేం.

నేను చేరిన మొదటి ఏడాది బాపట్లలో ఒక డాబా మీద ఇత్తడి గుర్తు ఉండేది. దాని మీద ముక్కాలిపీట నిలబెట్టి, పైన యాంటెన్నా పెట్టి, గుర్తు నుంచి యాంటెన్నా దాకా టేపుతో ఎత్తు కొలవాలి. టేపు యాంటెన్నా అంచుకి తగులుతుంది కాబట్టి ఏటవాలుగా వస్తుంది. దాన్నుంచి నిలువు ఎత్తు లెక్కకట్టి రాయాలి. నేను ఏటవాలు కొలతనే నిలువు ఎత్తు గడిలో రాసేశాను. లెక్క వేస్తే బాపట్ల ఒక్క ఏడాదిలో బొటనవేలంత కుంగిపోయినట్టు వచ్చింది.

పెద్దసారు ఆ కాగితం అందరికీ చూపించాడు. "బాపట్ల దిగబడిపోయిందటయ్యా. అమ్మా, నువ్వు సాయంత్రం ప్యాసింజరుకి వెళ్ళి, కాస్త పైకి లాగి రా" అన్నాడు.

ఆ తరవాత పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. "భూమి ఏదో చేసిందని నమ్మేముందు మనిషి ఏం చేశాడో చూడు. నూటికి తొంభైసార్లు మనిషే."

మంచి మాట. ముప్పై ఏళ్ళు ఆ మాట పట్టుకుని పనిచేశాను. దానికి ఇంకో వైపు ఉంది. ఏ మనిషిని ముందు అనుమానిస్తాం అన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చర్చి ఆవరణలో

తెనాలి, బాపట్ల, భట్టిప్రోలు, కొల్లూరు, ఆ తరవాత సముద్రం దగ్గరి ఆ ఊరు. అవి మా పాయింట్లు. ఆ ఊళ్ళో మెరక స్థలం చర్చి ఆవరణ ఒక్కటే. అక్కడికి అరమైలు దిగువన, కరకట్టని ఆనుకుని సముద్రం మీద బతికే పల్లెవాళ్ళ పాలెం. పాస్టరుగారు ఒప్పుకున్నారు. లోతుగా పునాది వేసి, ప్లాస్టిక్ గొట్టంలో కాంక్రీటు పోసి, ఛాతీ ఎత్తున సన్నటి గుండ్రటి దిమ్మె నిలబెట్టాం. పైన స్టీలు బోల్టు. యాంటెన్నా నేరుగా దాని మీదే బిగుసుకుంటుంది. టేపుతో పనిలేదు. బాపట్లలో నేను చేసిన తప్పు ఇక్కడ చేయడం కుదరదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

దేవదానం అప్పుడే పరిచయమయ్యాడు. దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో తట్టి, "దీన్ని ఏం చేయాలండి?" అన్నాడు.

"ఏమీ చేయకూడదండి. ఎవరూ ముట్టుకోకుండా చూడాలి. వారానికోసారి చూసి, ఎలా ఉందో ఈ పుస్తకంలో రాయండి" అన్నాను.

"ఏమీ చేయకుండా చూడటమేనా? గంట కొట్టడం కంటే తేలికే" అని నవ్వి, వెంటనే, "కాదులెండి, కష్టమే" అన్నాడు.

మేం దాన్ని పిల్లర్ అనేవాళ్ళం. ఆయన గుంజ అన్నాడు. నేలలో పాతి నిలబెట్టిన ఏ స్తంభమైనా ఆయనకి గుంజే. ప్రతి ఆదివారం గంట కొట్టాక పుస్తకం తీసి గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. "గుంజ బాగున్నది." మా టెక్నీషియన్ రమణ ఏడాదికోసారి యాంటెన్నా పట్టుకెళ్ళేవాడు. మొదట్లో రెండుసార్లు నేనూ వెళ్ళాను. తరవాత ఆఫీసులో పని పెరిగింది.

రెండు వాక్యాలు

కొన్నేళ్ళకి లెక్కలు ఒక రూపానికి వచ్చాయి. అన్ని పాయింట్లూ కొద్దికొద్దిగా దిగుతున్నాయి. చర్చి దగ్గరిది మాత్రం మిగతావాటికంటే చాలా ఎక్కువగా, ఏటా తప్పకుండా దిగుతోంది. కరకట్ట చూసే ఆఫీసువాళ్ళు మ్యాపు కోసం తొందర పెడుతున్నారు. ఈ ఒక్క పాయింటును మ్యాపులో ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చాలి. ఉంచితే పాలెం దగ్గర కట్ట బాగా ఎత్తు చేయాల్సి వస్తుంది. తీసేస్తే చుట్టుపక్కల పాయింట్లను బట్టి ఒక అంచనా వేస్తాం. ఆ అంచనా ప్రకారం ఉన్న కట్ట సరిపోతుంది.

మనిషి ఏం చేశాడో ముందు చూడాలి కదా. రమణకి ఫోను చేసి, దేవదానం పుస్తకంలో ఏమైనా ఉంటే పంపమన్నాను. అతను ఒక పేజీ ఫొటో తీసి పంపాడు. అన్ని వరసలూ "గుంజ బాగున్నది." మధ్యలో ఒక చోట ఇలా ఉంది:

"గుంజకి తాడు కట్టినాను. గేదెల కోసం."

పెద్దసారు గట్టిగా నవ్వాడు. "మనం ఉపగ్రహాల కోసం పాతితే, మహానుభావుడు పాల కోసం వాడుకుంటున్నాడమ్మా!" గదిలో ఉన్న అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రమణ ఫోనులో, "సార్, నేనెళ్ళినప్పుడల్లా అక్కడ గేదె కనపడలేదండి" అన్నాడు.

"నువ్వొస్తున్నావని తెలిస్తే విప్పేసుంటాడులేవయ్యా. గుంజ అంటే ఏంటో నాకు తెలీదా? పేడ ఎత్తి పెరిగినోణ్ణి."

నాకూ తెలుసు. మా ఇంటి వెనక కొట్టంలో రెండు గేదెలు ఉండేవి. గుంజ అనగానే నాకు కనపడింది అవే. ఆ గదిలో తెలుగు రానివాళ్ళు ఒక్కరున్నా, ఆ వాక్యానికి అర్థమేంటని దేవదానాన్నే అడిగేవాళ్ళు. మేం తెలుగువాళ్ళం. అందుకని అడగలేదు.

తెనాలి నుంచి రేపల్లెకి బస్సుంది. అక్కడ దిగితే ఆ ఊరికి ఆటో ఉంది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. వెళ్ళలేదు. ఆ పాయింటు ఎదురుగా "స్థానిక మనిషి పశువును కట్టడం వల్ల చెదిరిన గుర్తు, తొలగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. కట్ట ఎత్తు చేయలేదు. ప్రాజెక్టు ముగిసింది. తరవాత కొన్నాళ్ళకి నేనూ రిటైరయ్యాను.

పాయింటు తీసేశామని దేవదానానికి ఎవరూ చెప్పలేదు. ఆయన ప్రతి ఆదివారం రాస్తూనే ఉన్నాడు.

కార్తీకం

కబురు చెప్పింది రమణే. "మేడమ్, మన దేవదానంగారు పోయారండి" అన్నాడు. "మన" అన్నాడు. నాకు ఒక్క క్షణం ఎవరో తట్టలేదు. అది కూడా ఇక్కడ రాయాలి.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. పెద్ద తుఫాను కాదు. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు, దాని మీద పౌర్ణమి పోటు. తెల్లారాక నీళ్ళు కట్ట పైనుంచి పొర్లాయి. అంతకుముందు అంతకంటే పెద్ద గాలివానలకి కూడా ఆ కట్ట మీదికి నీళ్ళు రాలేదని పాలెంలో అందరూ చెప్పారు. దేవదానం గంట కొట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం కాని రోజున గంట విని పాలెం అంతా చర్చి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చేపలమ్మే నాంచారమ్మ వాళ్ళ అత్తగారు మంచంలో ఉండిపోయింది. దేవదానం దిగి వెళ్ళి ఆ ముసలామెని వీపున వేసుకుని తెచ్చాడు. ఇంకెవరైనా మిగిలారేమోనని మళ్ళీ దిగాడు. ఆ సమయానికి కట్ట తెగింది.

ఆయన ఇంట్లో భార్య సువార్తమ్మ, పక్కన నాంచారమ్మ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి సువార్తమ్మ లేవబోయింది.

"మీరేనాండి మేడంగారు? ప్రతేడూ ఆ నెల రాగానే గుంజ కడిగి పెట్టేవాడండి. మేడంగారు వస్తారేమో అనేవాడు. రాకపోతే, పెద్ద పనుల్లో ఉంటారులే అనేవాడు."

 అడగకూడని సమయంలో అడిగాను. "గేదెని ఎక్కడ కట్టేవారమ్మా?"

"ఏ గేదె అండి?"

"మీ గేదె."

సువార్తమ్మ నాంచారమ్మ వైపు చూసింది. నాంచారమ్మ, "వీళ్ళకి గేదె ఎక్కడిదమ్మా? నా దగ్గర రొయ్యపొట్టు కొంటే మళ్ళీ వారం దాకా కనపడదు ఈవిడ. గేదెంట గేదె!" అంది.

"మరి తాడు?"

"అదాండి. రైతుల గేదెలు కట్ట మీద మేసి మేసి వచ్చి గుంజకి ఒళ్ళు రుద్దుకునేయి. మేడంగారు ఎవర్నీ ముట్టుకోనీయొద్దన్నారని చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టాడు. దానికి రైతులతో మాటలు కూడా పడ్డాడండి."

గుంజకి తాడు కట్టినాను. గేదెల కోసం. ఆ వాక్యాలు అప్పుడు నాకు అర్థమయ్యాయి.

ఆమెకి నిజం చెప్పాలనిపించింది. గుంజ ఏటేటా కిందికి దిగుతుంటే, గేదె లాగడం వల్ల అనుకున్నామని, ఆ లెక్క కొట్టేశామని చెప్పాను. కట్ట గురించి కూడా చెప్పాను. ఆమె అంతా వింది. తరవాత నెమ్మదిగా అంది:

"గేదె లాగితే గుంజ పక్కకి ఒరుగుద్ది గాని, కిందికెట్టా దిగుద్దండి?"

చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.  నేను ఈ ఉద్యోగంలో చదివిన చదువంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పశువు లాగిన గుర్తు పక్కకి జరగాలి. పక్కకి జరిగిందో లేదో చెప్పే లెక్క మా దగ్గరే ఉంది. అది తేలడానికి ఏళ్ళు కూడా పట్టదు. మా ముందున్న లెక్కల కాగితాల్లో రెండో పేజీలోనే ఉంది. ఆ రోజు నవ్వుకుంటూ మేం రెండో పేజీ తిప్పలేదు.

తెనాలి వచ్చాక, ఇప్పుడు నా కుర్చీలో ఉన్న మాధురికి ఫోను చేసి పాత ఫైళ్ళు తీయించాను. చర్చి దగ్గరి గుర్తు పక్కకి తెనాలితో, బాపట్లతో సమానంగా నడిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. కిందికి మాత్రం దిగింది. గుంజ బాగున్నది అని దేవదానం రాసింది అక్షరాలా నిజం. దిగినది నేల.

ఆయన పుస్తకాలు

సువార్తమ్మ నాకు మూడు నోటుపుస్తకాలు ఇచ్చింది. ట్రంకుపెట్టెలో పైన, బట్టల మీద ఉండటంతో అంచులు మాత్రమే తడిశాయి. మొత్తం చదివాను. ఎప్పుడో మొదటి పుస్తకం చివర్లో, మేం అడగకుండానే, దేవదానం ఇంకో సంగతి రాయడం మొదలుపెట్టాడు. పౌర్ణమి పోటుకి కాలవ రేవులో ఎన్ని మెట్లు నీళ్ళ పైన ఉన్నాయన్నది. "పోటుకి అయిదు మెట్లు కనపడుచున్నవి." తరవాత కొన్నేళ్ళకి నాలుగు. మూడో పుస్తకానికి మూడు. ఆఖరి పేజీల్లో ఒకచోట, "రెండు. మేడంగారితో చెప్పవలెను."

ఒక్క పేజీ ఫొటో తెప్పించుకుని తీర్పు చెప్పాను. మిగతా పేజీల్లో ఇది ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. అంకె నమ్మబుద్ధి కాకపోతే ఆ చోటికి వెళ్ళండి. వెళ్ళి, అక్కడ ఉన్న మనిషిని అడగండి. మీ భాషే మాట్లాడేవాడయితే మరీ గుచ్చి అడగండి. పాయింటును కొట్టేస్తే, దాన్ని కాపలా కాసే మనిషికి ఆ సంగతి మీ నోటితో చెప్పండి. చెప్పాల్సి వస్తుందని తెలిస్తే అంత తేలిగ్గా కొట్టేయరు.

కట్ట

తెగిన కట్టని మళ్ళీ కట్టడానికి కొలతలు తీస్తున్నారని నాంచారమ్మ ఫోను చేసింది. "అమ్మా, పాత ఎత్తుకే కడతారంట. మీ మ్యాపులో అంతే ఉందంట గదా? ఈసారి గంట కొట్టేదానికి ఆయన కూడా లేడు."

మా మ్యాపు ఇంకా బతికే ఉంది. దాని కింద నా సంతకమూ ఉంది.

పెద్దసారుకి ఫోను చేశాను. ఆయనకి ఇప్పుడు వినికిడి తగ్గింది. సువార్తమ్మ అన్న మాట రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.  

"పక్కకి చూశామా అమ్మా, అప్పుడు?" అన్నాడు.

"లేదు సార్."

"పేడ ఎత్తి పెరిగినోణ్ణన్నానుగా." కాగితం తీసుకోమన్నాడు. "ఉత్తరం రాయి. నేనూ సంతకం పెడతాను."

ఉత్తరంలో వంకలు ఏమీ రాయలేదు. ఆ గుర్తు చెదిరిందని నేను రాసింది అబద్ధమని, ఆధారం చూడకుండా రాశానని, మ్యాపులో ఆ భాగం తప్పని, దాని మీద కట్ట కట్టవద్దని రాశాను. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. కరకట్ట ఆఫీసులో ఒక ఇంజనీరు చదివి, "ఇంత స్పష్టంగా ఎందుకండి, ఇబ్బంది పడతారు" అన్నాడు. నిన్నటిదాకా అస్పష్టంగా ఉండి ఏం జరిగిందో ఆయనకి చెప్పాను. పని ఆపారు. మళ్ళీ కొలిచి ఎత్తు నిర్ణయిస్తామన్నారు.

కొలవడానికి మాధురి వచ్చింది. రమణ, నేను తోడు వెళ్ళాం. వరద తీసినా చర్చి గోడ మీద నీటి చార ఇంకా కనపడుతోంది. కర్రలూ తాడూ నీళ్ళకి కొట్టుకుపోయి ఉంటాయనుకున్నాను. గుంజ చుట్టూ కొత్త కర్రలు ఉన్నాయి. కొత్త నైలాను తాడు, పడవలకి వాడేది, గట్టిగా బిగించి ఉంది. తాడు నాంచారమ్మ ఇచ్చిందట. గంట కూడా ఇప్పుడు సువార్తమ్మే కొడుతోందట.

మాధురి యాంటెన్నా బిగిస్తూ ఫారం నాకు ఇచ్చింది. కాపలా మనిషి పేరు ఉండాల్సిన గడిలో సువార్తమ్మ పేరు రాశాను. గుర్తు చరిత్ర అన్నచోట దేవదానం పేరు రాశాను.

సువార్తమ్మ నాలుగో నోటుపుస్తకం తెచ్చి చూపించింది. మొదటి పేజీలో, కొంచెం వంకరగా, ఆమె చేతిరాత:

"గుంజకి తాడు కట్టినాను. గేదెల కోసం."

"ఆయన రాసినట్టే రాశానండి. తప్పులున్నాయా?"

తప్పులేం లేవన్నాను. పెన్ను తీసి, నేనొక మాట చేర్చవచ్చా అని అడిగాను. ఆమె పుస్తకం నా వైపు తిప్పింది. ఆ వాక్యం కింద, నా తరవాత ఆ పేజీ ఫొటో ఎవరికి చేరినా తెలిసేలా పెద్ద అక్షరాలతో, "గేదెలు రాకుండా" అని రాశాను.

సువార్తమ్మ ఆ మాట చదివి, పైవాక్యం చదివి, మళ్ళీ కిందిది చదివింది.

"అదేగదండీ రాసుంది?" అంది.